తలుపు నంబర్లలో అంకెలెన్ని?

పంచాయతీ వారు ఇళ్ళకు నంబర్లు వేయించదలచి పెయింటరును పిలిపించారనుకుందాం. ఇళ్ళు వంద. కూలి అంకెకు రెండు రూపాయలు. 7వ నంబరు ఇంటికి ఒక అంకె, 45కు రెండు, 100కు మూడు. మరి అతనికి ముట్టవలసిన పైకమెంత?

ఇంట్లో అయిదో తరగతి పిల్లలుంటే అడిగి చూడండి. రెండు వందలని వెంటనే అనేవారుంటారు. వారు లెక్కించింది ఇళ్ళను, అంకెలను కాదు.

1 నుంచి 9 వరకు 9 అంకెలు. 10 నుంచి 99 వరకు ఇళ్ళు 90. తొంభై తొమ్మిదిలోంచి పది తీసివేసి 89 అంటే మొదటి ఇల్లు పోతుంది. ఇంటికి రెండు చొప్పున 180. వందో ఇంటికి 3. వెరసి 192 అంకెలు, 384 రూపాయలు.

నమ్మకం కుదరకపోతే రంగు డబ్బాను పక్కనబెట్టి పలక తీయండి. 9 ఎన్నిసార్లు వచ్చింది? ఒకట్ల స్థానంలో 9, 19, 29 ఇలా 99 దాకా పదిసార్లు. పదుల స్థానంలో 90 నుంచి 99 దాకా మరో పదిసార్లు. మొత్తం 20. ఇంటి నంబరు 99లో తొమ్మిది రెండుసార్లుందని పిల్లలు మరచిపోయేది ఇక్కడే. 2 నుంచి 9 వరకు ప్రతి అంకెదీ ఇదే లెక్క కనుక 160. ఒకటికి వందో ఇల్లు అదనం, 21. సున్న మాత్రం 11 సార్లే, నంబరుకు ముందు అది నిలవదు గదా! కూడితే మళ్ళీ 192.

ఈ సున్నతోనే పిల్లలకు అసలు తంటా. అరవై మూడును తెలుగులో పలికిన వరుసలోనే రాస్తాము. హిందీలో మూడు ముందు పలుకుతుంది, ఆ ఇబ్బంది మనకు లేదు. కాని "నూట ఒకటి" అనగానే పిల్లవాడు 100 వేసి పక్కన 1 పెట్టి 1001 చేస్తాడు. అది మొద్దుతనం కాదు, విన్నది విన్నట్టు రాశాడు. కొట్టవద్దు. ఒక వంద నోటు, ఒక రూపాయి బిళ్ళ ముందు పెట్టి పది నోట్లెన్ని అని అడగండి. లేవంటాడు. ఆ లేనిచోటే సున్న.

ఇక ఇళ్ళు మూడు వందలైతే? 192ను మూడింతలు చేసి 576 అనరాదు. వంద దాటిన 200 ఇళ్ళకూ మూడేసి అంకెలు, అంటే 600. మొదటి 192 కలిపితే 792. మూడింతల లెక్కన చెల్లిస్తే పెయింటరుకు 432 రూపాయలు ఎగ్గొట్టినట్టే.