ఉన్ని, పొలం, కూలి, కొట్టు: ఇంగ్లండు పల్లెల్లో ఒక పర్యటన

ఇంగ్లండు వెళ్ళి వచ్చిన మనవారు సాధారణంగా లండన్ నగరాన్నే వర్ణిస్తారు. రాజప్రాసాదం, గడియారపు గోపురం, థేమ్స్ నదిపై వంతెనలు – ఇంతటితో ఆ దేశాన్ని చూసినట్లే భావిస్తారు. కాని ఆ దేశపు నిజమైన శోభ పల్లెల్లోనూ, చిన్న పట్టణాల్లోనూ ఉన్నది. వాటి అందాన్ని చూసి మురిసిపోవడంతో ఆగక, ఈ అందానికి పెట్టుబడి ఎక్కడి నుండి వచ్చింది, దాని ఖరీదు ఎవరు చెల్లించారు అని ప్రశ్నించుకుంటే, గ్రామీణాభివృద్ధిలో ఆసక్తి గలవారికి ఆ పర్యటన ఒక పాఠమే అవుతుంది. అటువంటి ఐదు ఊళ్ళను పాఠకులకు పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బైబురీ: నేతగాళ్ళ వరుస

గ్లాస్టర్‌షైర్ ప్రాంతంలో, కాట్స్‌వోల్డ్స్ కొండల నడుమ, కోల్న్ అనే చిన్న నది ఒడ్డున బైబురీ గ్రామం ఉంది. తేనె రంగు సున్నపురాయి గోడలు, నిటారుగా వాలిన రాతిపలకల పైకప్పులు, తేటనీటిలో ఈదులాడే చేపలు – చూపరులను ఇట్టే ఆకర్షిస్తాయి. కవి, కళాకారుడు విలియం మోరిస్ ఈ గ్రామాన్ని ఎంతగానో మెచ్చుకున్నాడు.

ఇక్కడి ఆర్లింగ్టన్ రో అనే ఇళ్ళ వరుస మొదట ఇళ్ళు కానే కాదు. 1380 ప్రాంతంలో క్రైస్తవ మఠంవారి ఉన్నిని నిలవ చేసేందుకు కట్టిన గిడ్డంగి అది. 17వ శతాబ్దంలో దానిని విభజించి నేతగాళ్ళకు నివాసాలుగా మార్చారు. ఎదుట ఉన్న పచ్చికబయలులో కొయ్య చట్రాలకు బిగించి బట్టలు ఆరవేసేవారు. నేడు మనం ముచ్చటపడి ఛాయాచిత్రాలు తీసుకునే ఆ చిన్న గదులు, ఒకనాడు కూలికి నేసే కుటుంబాలు ఇరుకున కాపురముండిన చోట్లు. 1949 నుండి ఇవి నేషనల్ ట్రస్ట్ అనే ధర్మసంస్థ అధీనంలో ఉన్నాయి.

లావెన్‌హామ్: పేదరికం కాపాడిన పట్టణం

తూర్పున సఫోక్ ప్రాంతంలోని లావెన్‌హామ్ నీలిరంగు ఉన్ని బట్టకు పేరుగాంచిన పట్టణం. 1524 నాటి పన్ను లెక్కల ప్రకారం ఇంగ్లండులోని సంపన్న పట్టణాలలో దీనిది 14వ స్థానం. 141 అడుగుల ఎత్తైన చర్చి గోపురం ఆనాటి బట్టల వర్తకుల ధనంతో లేచినదే.

మరుసటి సంవత్సరమే రాజు ఎనిమిదవ హెన్రీ యుద్ధవ్యయం కోసం కొత్త పన్ను అడిగాడు. పన్ను కడితే నేతగాళ్ళకు పని ఇవ్వలేమని వర్తకులు చేతులెత్తేశారు. ఉపాధి కోల్పోనున్న వేలాది జనం లావెన్‌హామ్‌లో గుమిగూడారు. దేశవ్యాప్తంగా ప్రతిఘటన ఎదురుకావడంతో రాజు ఆ పన్నును విరమించుకోక తప్పలేదు.

అయితే మార్కెట్టును ఎవరూ ఎదిరించలేకపోయారు. పొరుగున ఉన్న కోల్చెస్టర్‌లో స్థిరపడిన డచ్చి శరణార్థులు తేలికైన, చౌకైన బట్టను నేయసాగారు. లావెన్‌హామ్ బరువు బట్టకు గిరాకీ తగ్గింది. కొత్త ఇళ్ళు కట్టుకునే స్తోమత లేక జనం పాత కర్రచట్రాల ఇళ్ళలోనే ఉండిపోయారు. కాలక్రమంలో దూలాలు వంగాయి, గోడలు ఒరిగాయి. ఆ వంకరటింకర వీధులే ఇప్పుడు యాత్రికులను రప్పిస్తున్నాయి. ఒకే పంట, ఒకే సరుకు, ఒకే గిరాకీ మీద ఆధారపడిన ఊరి గతి ఏమవుతుందో లావెన్‌హామ్ చెప్పినంత స్పష్టంగా ఏ గ్రంథమూ చెప్పదు.

లాక్స్‌టన్: గట్లు లేని పొలాలు

నాటింగ్‌హామ్‌షైర్‌లోని లాక్స్‌టన్‌లో కనులపండువైన భవనాలేమీ లేవు. ఇక్కడ చూడవలసినది పొలమే. మధ్యయుగంలో ఇంగ్లండులో విరివిగా సాగిన ఉమ్మడి క్షేత్ర పద్ధతి నేటికీ ఇక్కడ సజీవంగా ఉంది. మూడు పెద్ద క్షేత్రాలు. వాటిలో రైతులకు వేర్వేరు చోట్ల పొడవాటి మడి చెక్కలు. మధ్య కంచెలు లేవు. ఒక క్షేత్రంలో శీతకాలపు గోధుమ, రెండవదానిలో వసంతకాలపు పైరు, మూడవది బీడు – ఈ విధంగా మూడేళ్ళ పంటమార్పిడి.

ఏటా నవంబరులో రైతుల నుండే ఏర్పడిన పంచాయతీ బృందం గోధుమ క్షేత్రాన్ని కాలినడకన పరిశీలించి, హద్దు రాట్లు పాతుతుంది. పొరుగువాని మడిలోకి లేదా ఉమ్మడి బాటలోకి దున్నినవానికి గ్రామ న్యాయసభ జరిమానా విధిస్తుంది. గట్టు తగాదా కోర్టులకెక్కితే తరాలు గడుస్తాయని ఎరిగిన మనకు ఈ ఏర్పాటు విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

మిగిలిన గ్రామాల్లో ఈ పద్ధతి ఏమైంది? 1604–1914 మధ్య పార్లమెంటు చేసిన వేలాది చట్టాల ద్వారా సుమారు 68 లక్షల ఎకరాలకు కంచెలు పడ్డాయి. పెద్ద కమతాలలో దిగుబడి పెరిగిన మాట నిజమే. కాని ఉమ్మడి బీళ్ళలో ఒక ఆవును మేపుకుని, పుల్లలేరుకుని బ్రతికిన చిన్నవాడు కేవలం కూలివాడుగా మిగిలాడు.

టాల్‌పడిల్: చెట్టు క్రింద ఆరుగురు

ఆ కూలివాని కథ డార్సెట్ ప్రాంతంలోని టాల్‌పడిల్‌లో వినిపిస్తుంది. ఇక్కడ వ్యవసాయ కూలీల వారపు వేతనం 9 షిల్లింగుల నుండి 7కు దిగజారింది. 6కు దించుతామని బెదిరింపు కూడా వచ్చింది. జార్జ్ లవ్‌లెస్ మొదలైనవారు సంఘంగా ఏర్పడ్డారు. సంఘం పెట్టడం అప్పటికి నేరం కాదు. అందుచేత రహస్య ప్రమాణం చేయించారన్న నెపంతో 1834లో ఆరుగురికి ఏడేళ్ళ ప్రవాస శిక్ష విధించి ఆస్ట్రేలియాకు పంపారు. దేశమంతటా నిరసన చెలరేగగా 1836లో క్షమాభిక్ష లభించింది. తిరిగివచ్చిన వారిలో అయిదుగురు తర్వాత కెనడాకు వలస పోయారు. స్వగ్రామంలోనే నిలిచిన జేమ్స్ హామెట్ 1891లో అనాథ శరణాలయంలో మరణించాడు. వారు సమావేశమైనట్లు చెప్పుకునే సికమూర్ వృక్షం ఇప్పటికీ ఊరి నడుమ నిలిచి ఉంది. ఏటా జూలైలో ఇక్కడ కార్మికుల ఉత్సవం జరుగుతుంది.

రాచ్‌డేల్: అప్పు ఇవ్వని దుకాణం

చివరిది మాంచెస్టర్ సమీపంలోని మిల్లుల పట్టణం రాచ్‌డేల్. సహకారోద్యమంతో పరిచయమున్న వారందరికీ ఇది పుణ్యక్షేత్రం వంటిది. 1844 డిసెంబరు 21న, 28 మంది సభ్యులు తలా ఒక పౌను చొప్పున కూడబెట్టిన 28 పౌన్లతో 31, టోడ్ లేన్‌లో ఒక కొట్టు తెరిచారు. అందులో సరుకు వెన్న, పంచదార, గోధుమపిండి, ఓటు పిండి, కొన్ని కొవ్వొత్తులు మాత్రమే. కల్తీ లేని సరుకు, సరియైన తూకం, ఒక సభ్యునికి ఒకే ఓటు, కొనుగోలును బట్టి లాభంలో వాటా – ఇవీ వారి నియమాలు. ఇంకొక నియమం: అప్పు ఇవ్వరాదు. కొట్టువాడి ఖాతాలో చిక్కిన కార్మికుడు వాడు చెప్పిన ధరకు, వాడు ఇచ్చిన సరుకునే కొనవలసి వచ్చేది. ఋణసంస్థ పత్రికలో అప్పు వద్దన్న దుకాణాన్ని ప్రశంసించడం విడ్డూరంగా తోచవచ్చు. వారు వ్యతిరేకించినది ఋణాన్ని కాదు, మనిషిని కట్టిపడవేసే బాకీని.

ఐరోపాలోని సహకార ఋణసంఘాలను పరిశీలించి మద్రాసు ప్రభుత్వానికి ఫ్రెడరిక్ నికల్సన్ 1895–97లో నివేదిక సమర్పించాడు. అటుపై 1904లో మన దేశంలో సహకార ఋణసంఘాల చట్టం వచ్చింది. జర్మనీ నుండి ఋణసంఘం నమూనా, రాచ్‌డేల్ నుండి సభ్యుల సమానత్వం మన సహకార వ్యవస్థకు వారసత్వంగా సంక్రమించాయి. నాటి కొట్టు నేడు ప్రదర్శనశాల.

అందం ఎవరి కోసం?

ఈ సుందర గ్రామాలలో నేడు వేరొక సమస్య తలెత్తింది. నగరాల ధనికులు సెలవుల కోసం రెండవ ఇల్లు కొంటున్నారు. ధరలు పెరిగి, అక్కడ పుట్టిన యువత అక్కడ ఇల్లు కొనలేని స్థితి ఏర్పడింది. ఏడాదిలో అధికభాగం తాళం వేసి ఉండే ఇళ్ళు ఎక్కువైతే బడి, అంగడి, బస్సు ఒక్కొక్కటిగా తగ్గిపోతాయి. 2025 ఏప్రిల్ నుండి ఇటువంటి ఇళ్ళపై పన్నును రెట్టింపు చేసే అధికారం స్థానిక మండళ్ళకు లభించింది. మరికొన్ని చోట్ల మూతబడనున్న దుకాణాన్ని గ్రామస్థులే వాటాలు వేసుకుని కొని నడుపుతున్నారు. రాచ్‌డేల్ విత్తనం ఇంకా మొలకెత్తుతూనే ఉందన్నమాట.

ఇంగ్లండు వెళ్ళే అవకాశం కలిగినవారు మే నుండి సెప్టెంబరు వరకు గల నెలల్లో ఈ ఊళ్ళను చూడవచ్చు. రాచ్‌డేల్‌కు మాంచెస్టర్ నుండి రైలు ఉంది. బైబురీకి, లావెన్‌హామ్‌కు రోడ్డు మార్గమే శరణ్యం. ఊరు చేరాక పూలకుండీలను, రాతిగోడలను తప్పక చూడండి. ఆపైన ఊరి దుకాణంలోకి వెళ్ళి ఏదైనా కొనండి. ఊరిని నిలబెట్టేది అందులో జరిగే బేరమే.