పాత చెక్క సామానుకు చాక్ పెయింట్.. బందరు ఉప్పుగాలిలో నిలుస్తుందా? బ్రష్ పట్టే ముందు ఇవి తెలుసుకోండి

భోగి వచ్చిందంటే చాలు.. ఇంట్లో కాలు విరిగిన కుర్చీ, రంగు పోయిన స్టూలు అన్నీ మంటల్లోకే. ఇప్పుడు ఆ ట్రెండ్ కాస్త మారింది. రీల్స్ చూసి పాత సామాను బయటకు తీసి, ఇంట్లోనే రంగులు వేసుకుంటున్నవాళ్లు పెరిగారు. అందులో ఎక్కువగా వినిపిస్తున్న పేరు చాక్ పెయింట్. గీకాల్సిన పని లేదు, ప్రైమర్ అక్కర్లేదు, అరగంటలో ఆరిపోతుంది అంటూ వీడియోల్లో తెగ చెబుతున్నారు. అందులో నిజం ఉంది. కానీ ఆ వీడియోలు తీసినవాళ్ల ఇంటి పక్కన సముద్రం లేదు. మంగినపూడి, గిలకలదిండి, నాగాయలంక, కోడూరు లాంటి చోట్ల లెక్క వేరు. ఇక్కడ గాలిలో తేమతో పాటు ఉప్పు కూడా ఉంటుంది. దానికి తోడు పాత రంగులో దాగి ఉండే ఒక ప్రమాదం గురించి ఆ వీడియోల్లో చాలావరకు చెప్పరు.

అసలేంటీ చాక్ పెయింట్?

ముందుగా ఒక కన్ఫ్యూజన్ తీర్చుకుందాం. బడిలో నల్లబల్లకు వేసేది చాక్‌బోర్డ్ పెయింట్. దాని మీద సుద్దముక్కతో రాసుకోవచ్చు. చాక్ పెయింట్ వేరు. ఇది ఫర్నిచర్ కోసం తయారైన రంగు. 1990లో ఇంగ్లండ్‌కు చెందిన యానీ స్లోన్ దీన్ని తయారుచేసి ఆ పేరుతో మార్కెట్‌లోకి తెచ్చారు. ఆ తర్వాత చాలా కంపెనీలు అదే తరహా రంగులు తీసుకొచ్చాయి. నీళ్లలో కలిసే రంగు, సుద్ద లాంటి పొడి ఎక్కువగా ఉండటం దీని ప్రత్యేకత. ఆ పొడి వల్ల పూత కాస్త గరుకుగా, మెరుపు లేకుండా ఉంటుంది. నున్నటి పాత పాలిష్ మీద కూడా పట్టుకుంటుంది.

నిజానికి ఈ కిటుకు మన కృష్ణా తీరానికి కొత్తేం కాదు. కొండపల్లి బొమ్మలు చేసేవాళ్లు తెల్ల పొణికి చెక్కను చెక్కి, చింతగింజల మక్కుతో ముక్కలు అతికించి, ముందు సున్నం పూత పూసి, ఆ తర్వాతే రంగులు వేస్తారు. తెల్లటి గరుకు పూత రంగును పట్టి ఉంచుతుంది. చాక్ పెయింట్‌లో ఆ తెల్ల పొడి, రంగు రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి. అంతే తేడా.

అలాగని ఇంట్లో తాంబూలం సున్నం ఉంది కదా అని రంగులో కలిపేయకండి. సున్నం, సుద్ద ఒకటి కాదు. తడి సున్నం చర్మాన్ని, కళ్లను కాల్చేస్తుంది.

ఉప్పుగాలితో అసలు చిక్కు

మంగినపూడి బీచ్ మచిలీపట్నానికి సుమారు 11 కిలోమీటర్లు. ఆ చుట్టుపక్కల ఇళ్లలో కిటికీ ఊచలు ఎంత త్వరగా తుప్పు పడతాయో అక్కడివాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. అదే ఉప్పు చెక్క మీదా కూర్చుంటుంది. కంటికి కనిపించదు, చేత్తో రాస్తే జిడ్డుగా తగులుతుంది. ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది. దాని మీదే రంగు వేస్తే పూత కింద తడి చేరి, రెండు వానలు పడేసరికి పొక్కులు వచ్చి పెచ్చులుగా ఊడిపోతుంది. అప్పుడు రంగు మంచిది కాదని కంపెనీని తిట్టుకుంటాం. తప్పు రంగుది కాదు, కడగకపోవడానిది.

కాబట్టి మొదటి పని కడగడమే. కొద్దిగా సబ్బు కలిపిన నీళ్లతో గుడ్డ తడిపి, గట్టిగా పిండి, తుడవాలి. తర్వాత ఉత్త నీళ్ల గుడ్డతో రెండుసార్లు. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. బోరు నీళ్లతో తుడుస్తారు! తీరానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో, దివిసీమలో చాలాచోట్ల భూగర్భ జలం ఉప్పగానే ఉంటుంది. ఆ నీళ్లతో తుడిస్తే తీసిన ఉప్పును మళ్లీ పూసినట్టే. రంగు కలపడానికైనా, తుడవడానికైనా తాగునీళ్లే వాడాలి. ఒక బిందె నీళ్లు సరిపోతాయి.

తుడిచాక నీడలో, గాలి తగిలే చోట రెండు మూడు రోజులు ఆరబెట్టాలి. ఎండలో పెడితే తొందరగా ఆరుతుంది అనుకోవద్దు. పాత బల్లలు ఎండకు బీటలిస్తాయి. గుడివాడ వైపు వాళ్లకు ఉప్పు బెడద కాస్త తక్కువే గానీ తేమ మాత్రం అక్కడా ఉంటుంది.

ఎప్పుడు వేయాలి అంటే.. సంక్రాంతి దాటాక మార్చి లోపు మంచి టైమ్. జూన్ నుంచి నైరుతి వానలు, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య వానలు, తుపాన్లు. చలికాలంలో కూడా పొద్దున్నే మంచు ఉంటుంది కాబట్టి పది గంటలు దాటాకే బ్రష్ పట్టుకోవాలి. మే నెల ఎండల్లో ఇంకో తలనొప్పి.. బ్రష్ లాగుతుండగానే రంగు ఆరిపోయి గీతలు పడిపోతాయి.

గీకుతున్నారా? జాగ్రత్త!

ఈ వార్తలో ఒక్క ముక్కే చదువుతామంటే ఇది చదవండి. ఇళ్లలో వాడే రంగుల్లో సీసం 90 పీపీఎంకు మించకూడదని కేంద్రం 2016లో నిబంధనలు తెచ్చింది. 2017 నవంబర్ 1 నుంచి అవి అమల్లోకి వచ్చాయి. అంటే అంతకు ముందు వేసిన ఆయిల్ పెయింట్లు, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ ఎనామిల్ రంగుల్లో సీసం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. అమ్మమ్మ కాలం నాటి ఊయల తొట్టి, తాతగారి ఆకుపచ్చ అలమరా.. అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.

గోడకో, చెక్కకో గట్టిగా అతుక్కుని ఉన్నంతసేపు ఆ రంగుతో ముప్పు తక్కువ. ఉప్పు కాగితం పెట్టి రుద్దినప్పుడు దుమ్ముగా మారుతుంది. ఆ దుమ్ము నేల మీద పడుతుంది, పాకే పిల్లల చేతులకు అంటుతుంది, నోట్లోకి పోతుంది. పిల్లల మెదడు ఎదుగుదలను సీసం దెబ్బతీస్తుంది. ఇంత లోపు ఫర్వాలేదు అనే సురక్షిత స్థాయి ఏదీ తేలలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఇక్కడ చాక్ పెయింట్ వల్ల నిజంగా ఒక మేలుంది. పాత రంగు గట్టిగా ఉంటే గీకకుండానే దాని మీద వేసేయొచ్చు. పాత పూత లోపలే ఉండిపోతుంది. పెచ్చులు లేచిన చోట మాత్రం నీళ్లు చల్లి, వాటర్ పేపర్‌తో తడిగానే రుద్దాలి. మాస్క్ పెట్టుకోవాలి. కింద పాత ప్లాస్టిక్ షీట్ పరవాలి. పని అయ్యాక చీపురుతో ఊడవకూడదు, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను కవర్లో కట్టి పడేయాలి. పిల్లలు, గర్భిణులు ఆ చుట్టుపక్కలకు రాకూడదు.

అయితే ఇందులోనే ఒక మెలిక ఉంది. చాక్ పెయింట్ వీడియోల్లో అందరికీ నచ్చే లుక్ ఏంటంటే, రంగు ఆరాక అంచుల దగ్గర రుద్ది లోపలి పాత రంగు కనిపించేలా చేయడం. పాతకాలం వస్తువులా అందంగా ఉంటుంది, కాదనలేం. కానీ లోపల ఉన్నది సీసం రంగైతే, జాగ్రత్తగా మూసిపెట్టినదాన్ని మనమే మళ్లీ తెరిచినట్టు. పాత రంగు మీద ఆ ముచ్చట వద్దు. ఊయల తొట్టి లాంటి పిల్లలు నోరు పెట్టే వస్తువుల జోలికైతే అసలే వెళ్లొద్దు.

ఇంకో మాట. రంగు వేసిన పాత చెక్కను భోగి మంటల్లో వేయడం కూడా మంచిది కాదు. సీసం కాలిపోదు. కొంత పొగలో పోతుంది, మిగతాది బూడిదలో ఉండిపోతుంది. ఆ బూడిదను నుదుట పెట్టుకునే ఇళ్లు కూడా ఉన్నాయి మరి.

ఇంట్లో ఎలా కలుపుకోవాలి?

రెడీమేడ్ చాక్ పెయింట్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. మామూలు ఎమల్షన్‌తో పోలిస్తే ధర బాగానే ఉంటుంది. అందుకే చాలామంది సొంతంగా కలుపుకుంటున్నారు. ఒక కప్పు మెరుపు లేని ఎమల్షన్ రంగు తీసుకోండి. పెద్ద చెంచాతో నాలుగు చెంచాల సుద్ద పొడి, అంటే కాల్షియం కార్బొనేట్‌ను రెండు మూడు చెంచాల నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, ఆ తర్వాతే రంగులో పోయాలి. పొడిని నేరుగా రంగులో వేస్తే గడ్డలు కడుతుంది, ఇక ఎంత తిప్పినా పోదు. సుద్ద పొడి దొరక్కపోతే ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ వాడొచ్చు. కప్పు రంగుకు మూడో వంతు కప్పు పొడి, అంతే నీళ్లు. కాకపోతే ఇది త్వరగా గట్టిపడుతుంది. కొంచెం కొంచెంగా కలుపుకుని అప్పటికప్పుడు వాడేయాలి. మిగిలింది సింక్‌లో పారబోస్తే పైపు లోపల రాయి అయి కూర్చుంటుంది. ఏ పొడి కలిపినా ముక్కుకు మాస్క్ తప్పనిసరి.

పలచగా రెండు పూతలు వేస్తే చాలు. ఒక పూత పూర్తిగా ఆరాకే రెండోది. డబ్బా మీద గంట అని రాసి ఉంటే, బందరు తేమకు రెండు మూడు గంటలు ఆగడం మేలు.

టేకు, రోజ్‌వుడ్ మీద లేత రంగు వేసేవాళ్లకు మాత్రం ఒక షాక్ తప్పదు. రాత్రి తెల్లగా వేసి పడుకుంటే తెల్లారేసరికి పసుపు, గోధుమ మచ్చలు పైకి తేలతాయి. అది చెక్కలోంచి వచ్చే సహజ రంగు. నీళ్ల రంగు దాన్ని కరిగించి పైకి లాగుతుంది. ఇంకో రెండు పూతలు వేసినా ఆగదు. ముందుగానే షెల్లాక్, అంటే లక్కను స్పిరిట్‌లో కరిగించిన పాలిష్ ఒక పూత వేసి ఆరనిస్తే మచ్చలు ఆగుతాయి. ఈ ఒక్క పని మర్చిపోయి మొత్తం బీరువా మళ్లీ వేసుకున్నవాళ్లు ఎంతోమంది.

సన్నటి రంధ్రాలు, కింద పిండిలా రాలిన పొడి కనిపిస్తే పురుగు ఉన్నట్టే. ముందు దాని సంగతి చూడాలి. మన ఇళ్లలో వెంటనే కిరసనాయిలు పోసేస్తారు. అది పోసిన చోట జిడ్డు పోయేదాకా ఏ నీళ్ల రంగూ నిలవదు. పురుగు పోయాక రంధ్రాల్లో రంపపు పొట్టు, ఫెవికాల్ కలిపి కూరి, ఆరాక నున్నగా రుద్దితే సరిపోతుంది.

ఇనుప బీరువా సంగతేంటి?

ఇది చాలామంది అడిగే డౌట్. చాక్ పెయింట్ ఇనుముకూ పట్టుకుంటుందని రాసి ఉంటుంది. ఎండు ప్రాంతాల్లో అది నిజమే. కానీ నీళ్ల రంగు వట్టి ఇనుము మీద పడితే ఆరేలోపే తుప్పు మరకలు వస్తాయి. తీరంలో అయితే చెప్పక్కర్లేదు. తుప్పు పూర్తిగా తీసి, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేసి, అది ఆరాకే పైపూత. అంత చేసేబదులు బీరువాకు మామూలు ఎనామిల్ వేయించుకోవడమే తెలివైన పని.

మైనమా? వార్నిషా?

చాక్ పెయింట్ ఆరిందంటే పని అయిపోయినట్టు కాదు. ఆ పూతకు సన్నటి రంధ్రాలుంటాయి. టీ చుక్క పడినా పీల్చేసుకుంటుంది. పైన ఏదో ఒక కోటు వేయాల్సిందే. చల్లటి దేశాల్లో మైనం రుద్దుతారు, అందంగా ఉంటుంది. మన దగ్గర మే నెలలో ఆ మైనం మెత్తబడి దుమ్ము పట్టేస్తుంది. వేడి టీ గ్లాసు పెడితే గుండ్రటి మచ్చ ఖాయం. ఇక్కడికి నీళ్లలో కలిసే మ్యాట్ వార్నిష్ రెండు పూతలే బెటర్. వెనక వైపు, బల్ల కింద కూడా వేయాలి. కనిపించదు కదా అని వదిలేస్తే తేమ అటు నుంచే ఎక్కుతుంది.

వీటికి మాత్రం వేయకండి

పాత సామాను అంతా రంగుకు పనికొచ్చేది కాదు. కోరమాండల్ తీరంలో 17వ శతాబ్దంలో చెక్కిన నల్ల ఎబొనీ కుర్చీలు ఇంగ్లండ్ చేరాయి. రచయిత హోరేస్ వాల్పోల్ అలాంటివి కొని, అవి తమ ట్యూడర్ రాజుల కాలం నాటివని నమ్మాడు. నిజానికి అవి మన వైపు నుంచి వెళ్లినవి! విశాఖపట్నంలో ఏనుగు దంతం పొదిగి చేసిన పెట్టెలు ఇప్పుడు విదేశీ మ్యూజియంలలో ఉన్నాయి. మీ అటక మీద అంత విలువైనది ఉండకపోవచ్చు. అయినా చెక్కడపు పని ఉన్న పందిరి మంచం, ఇత్తడి పట్టీల భోషాణం, ఉయ్యాల బల్ల లాంటివి ఉంటే ముందు తెలిసిన వడ్రంగికి చూపించండి. ఒకసారి చెక్కడాల సందుల్లో రంగు దూరితే తీయడం మహా కష్టం. చాలాసార్లు వాటికి కావాల్సింది శుభ్రంగా తుడిచి, కొత్త పాలిష్ కొట్టడమే.

పెడన వైపు కలంకారీ అచ్చులూ అంతే. టేకు మీద చెక్కిన ఈ అచ్చులు అరిగిపోయాక గోడకు అలంకరణగా పెట్టుకుంటున్నారు. అవి నూనె తాగిన చెక్కలు, రంగు నిలవదు. నిలిచినా ఎన్నో ఏళ్ల అద్దకం మరకల మీద నీలం రంగు కొట్టడం ఎందుకు?

ఇక దివిసీమ మాట వేరు. 1977 నవంబర్ 19 ఉప్పెన వేల ప్రాణాలను, ఇళ్లకు ఇళ్లనే తీసుకుపోయింది. అంతకు ముందటి సామాను మిగిలిన ఇళ్లు తక్కువ. మీ ఇంట్లో అలాంటి పెట్టో, పీటో ఉండి, దాని కాళ్ల మీద ఉప్పునీటి మరక ఇంకా కనిపిస్తుంటే రంగు డబ్బా పక్కన పెట్టి, ముందు ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. వాళ్లు వద్దంటే వద్దు.

రంగు వేసిన సామానును వెంటనే వాడేయకండి. ముట్టుకుంటే ఆరినట్టే ఉన్నా, పూత పూర్తిగా గట్టిపడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. అప్పటిదాకా అలమరా తలుపులు కొద్దిగా తెరిచే ఉంచాలి. గట్టిగా మూస్తే అంచులు ఒకదానికొకటి అంటుకుని, తీసేటప్పుడు రంగు ఊడి వస్తుంది. బట్టలు సర్దాల్సి వస్తే కింద న్యూస్‌పేపర్ వద్దు, దాని సిరా కొత్త రంగుకు అంటుతుంది. తెల్ల కాగితం పరుచుకోండి.