పొలం మందు వంటింటి దాకా రానివ్వకండి

జ్వరానికి వేసుకునేదాన్నీ మందనే అంటాం, పురుగుని చంపేదాన్నీ మందనే అంటాం. పేరు ఒకటే అవడం వల్లనో ఏమో, పురుగు మందంటే మనకి ఉండాల్సినంత భయం ఉండదు. నిజానికి అది విషం.

2020 డిసెంబరు మొదటివారంలో ఏలూరులో జరిగింది గుర్తుందా? మా హనుమాన్ జంక్షన్‌లో బస్సెక్కితే గంటలోపే ఏలూరు. ఉన్నట్టుండి మనుషులు మూర్ఛ వచ్చి పడిపోయారు. కొందరికి వాంతులు, తలనొప్పి. ఆరువందల మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు, ఒకరు చనిపోయారు. చాలామంది త్వరలోనే కోలుకుని ఇళ్ళకి వెళ్ళారు. ఢిల్లీ ఎయిమ్స్ వారు రక్తాన్ని పరీక్షిస్తే సీసం, నికెల్ కనిపించాయి. తర్వాత ఎయిమ్స్, నాగపూర్ నీరీ సంస్థల నిపుణులు పురుగు మందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చని, అవి ఒంట్లోకి ఎలా చేరాయో ఇంకా పరిశీలించాలని చెప్పారు.

ఊరంతా ఒక్కసారి పడిపోతే పేపర్లో వస్తుంది. ఒక్కో ఇంట్లో ఒక్కొక్కరికి కళ్ళు తిరిగితే ఎండదెబ్బ అనుకుని మజ్జిగ ఇచ్చి ఊరుకుంటాం. అసలు ముప్పు అక్కడే ఉంది. ఈ విషం నోట్లోంచే కాదు, చర్మంలోంచీ, పీల్చే గాలిలోంచీ కూడా ఒంట్లోకి పోతుంది. పొలం నుంచి ఇంట్లోకి అది వచ్చే దారులు ముఖ్యంగా మూడు. మూడూ మన చేతిలోవే.

బట్టలు: మందు కొట్టి వచ్చిన మనిషి ముందు సబ్బుతో స్నానం చేయాలి. ఆ తర్వాతే పిల్లల్ని ఎత్తుకోవడమైనా, అన్నం తినడమైనా. ఆ బట్టలు ఇంట్లోవాటితో కలిపి నానబెట్టకండి. విడిగా సబ్బుపెట్టి ఉతికి ఎండలో ఆరేయండి. చెరువులో, కాలవలో జాడించకండి. కడుపుతో ఉన్నవాళ్ళు, పాలిచ్చే తల్లులు ఆ బట్టలు ముట్టుకోకపోవడమే మంచిది. మందు కొట్టిన చేలో వెంటనే కలుపు తీతకి దిగకూడదు.

డబ్బాలు: ఖాళీ డబ్బా ఎంత కడిగినా ఖాళీ కాదు. అందులో నీళ్ళు, నూనె, పప్పులు పోయకూడదు. మిగిలిన మందుని కూల్‌డ్రింక్ సీసాలో పోసి గూట్లో పెట్టడం మరీ ప్రమాదం. దాహమేసిన పిల్లవాడికి ఏం తెలుస్తుంది? డబ్బామీద రంగు గుర్తు చూడండి. ఎరుపు ఉంటే అత్యంత విషం, పసుపు దాని తర్వాతది, ఆపైన నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే తక్కువ విషమేగానీ విషం కాదని కాదు.

కూరగాయలు: తరగకముందే ధారగా పడే నీళ్ళలో రుద్ది కడగండి. కాసేపు ఉప్పు నీళ్ళలో ఉంచి మళ్ళీ మంచి నీళ్ళతో కడిగితే పైనున్నది చాలావరకు పోతుంది. క్యాబేజీ పైరెక్కలు తీసేయండి. కరివేపాకు, కొత్తిమీర రెండు మూడుసార్లు కడగండి. అయితే కొన్ని మందులు మొక్క లోపలికే ఇంకుతాయి, అవి కడిగితే పోవు. అలాంటి మోనోక్రోటోఫాస్‌ని కూరగాయల మీద వాడకూడదని 2005లోనే నిషేధించారు. మందు కొట్టాక ఎన్ని రోజులాగి కోయాలో డబ్బా మీదే రాసుంటుంది. మీ ఇంట్లో కూరగాయలు పండిస్తుంటే ఆ లెక్క మీరు అడగండి. మన పిల్లలు తినేదైనా, బజారుకి పంపేదైనా లెక్క ఒకటే.

ఒకవేళ ఎవరికైనా ఒళ్ళంతా చెమట పట్టి, నోట్లో చొంగ కారుతూ, కనుపాపలు చిన్నవైపోయి, కండరాలు అదురుతుంటే ఆలస్యం చేయకండి. ఆ బట్టలు విప్పి, ఒళ్ళు సబ్బు నీళ్ళతో కడగండి. కడిగేవాళ్ళు తమ చేతులకి మందు అంటకుండా చూసుకోవాలి. మందు మింగితే పేడనీళ్ళో, ఉప్పునీళ్ళో తాగించి వాంతి చేయించే పని అసలు పెట్టుకోవద్దు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. 108కి ఫోన్ చేసి, మందు డబ్బా కూడా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఏ మందో తెలిస్తే డాక్టరుగారికి విరుగుడు ఇవ్వడం తేలికవుతుంది. పరువు పోతుందని దాచిపెడితే పోయేది మనిషి.

పంటకి పురుగు పట్టినప్పుడు మగవాళ్ళ ఆరాటం మనకి తెలియంది కాదు. మందు కొట్టొద్దని మనం అనలేం. కొట్టిన మందుని గుమ్మం బయటే ఆపగలం.