కుక్క గోక్కుంటోందా? ఇంటిల్లిపాదీ జాగ్రత్త!

మీ వాకిట్లోనో, బర్రెల కొట్టంలోనో పడుకునే కుక్క రాత్రింబవళ్లు గోక్కుంటోందా? చెవుల అంచున వెంట్రుకలు రాలి పొట్టు కట్టిందా? మోచేతుల మీద, పొట్ట కింద చర్మం ఎర్రబడి మందమయిందా? అయితే గజ్జి అని అనుమానించాల్సిందే. దాని చెవి అంచుని రుద్దితే వెనక కాలు గోకుతున్నట్టు దానంతటదే ఆడుతుంది. పశువుల డాక్టర్లు చూసే గుర్తుల్లో ఇదొకటి. మీరు మాత్రం ఉత్త చేతులతో ఆ పని చేయకండి.

మిరపలో తెల్లనల్లి, ఎర్రనల్లి మీకు కొత్త కాదు. గజ్జి పురుగు కూడా ఆ నల్లి జాతిదే, ఎనిమిది కాళ్లది. ఆడపురుగు అర మిల్లీమీటరు కూడా ఉండదు. చర్మం పైపొరలో సొరంగం తవ్వుకుంటూ పోయి రోజుకు రెండు మూడు గుడ్లు పెడుతుంది. నాలుగు రోజుల్లో గుడ్లు పగులుతాయి, రెండు వారాలు దాటేసరికి ఆ పిల్లలే తల్లులవుతాయి. ఇటలీకి చెందిన బొనొమో, చెస్తోని అనే ఇద్దరు 1687లోనే భూతద్దంలో చూసి గజ్జికి కారణం ఈ పురుగేనని చెప్పారు. మనం మాత్రం ఇంకా వేడి చేసింది, రక్తం చెడింది అంటూ పథ్యాలు చేస్తున్నాం. వంకాయ మానేస్తే పురుగు చావదు.

కుక్కది వేరు, మనిషిది వేరు

కుక్క గజ్జి మనిషికి అంటుకుంటే ఒకటి రెండు రోజుల్లోనే దురద మొదలవుతుంది. కుక్క తగిలిన చోట, అంటే ముంజేతులు, పొట్ట, తొడల మీద ఎర్రటి పొక్కులు లేస్తాయి. అయితే ఆ పురుగు మన ఒంటి మీద సంసారం పెట్టలేదు. కుక్కకు వైద్యం చేయిస్తే కొద్ది వారాల్లో మనకూ తగ్గిపోతుంది.

మనుషుల గజ్జి అలా కాదు. వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, నడుము చుట్టూ, మర్మస్థానాల్లో వస్తుంది. రాత్రిపూట దురద ఎక్కువ. మొదటిసారి సోకినవాళ్లకు నాలుగు నుంచి ఆరు వారాల దాకా దురదే తెలియదు, ఈలోగా ఇంట్లో అందరికీ పాకేస్తుంది. ఇక్కడే మనవాళ్లు దెబ్బతింటున్నారు. తప్పు కుక్క మీదకు నెట్టి, దాన్ని తరిమేసి, పిల్లల్ని ఆసుపత్రికి తీసుకుపోరు. గోకిన పుండ్లలో చీము పడితే కొందరు పిల్లలకు కిడ్నీలు కూడా దెబ్బతింటాయి. కుక్కను దూరం పెట్టి మూడు వారాలైనా దురద తగ్గలేదంటే ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి.

డాక్టరు రాసేది ఎక్కువగా పర్మెత్రిన్ 5 శాతం క్రీము. మెడ నుంచి అరికాళ్ల దాకా రాత్రి రాసుకుని పొద్దున స్నానం చేయాలి. వారం తర్వాత మరోసారి. దురద ఉన్నా లేకున్నా ఇంట్లో అందరూ ఒకే రోజు రాసుకోవాలి, లేకపోతే డబ్బు దండగ. పురుగు చచ్చాక కూడా రెండు మూడు వారాలు దురద ఉంటుంది, మందు పనిచేయలేదని రోజూ పూయొద్దు. చంటిపిల్లలకు, గర్భిణులకు డాక్టరు చెప్పిందే వాడాలి.

పొలం మందు పూయొద్దు

చేనుకు కొట్టగా మిగిలిన మందు నీళ్లలో కలిపి కుక్కకు పూసేవాళ్లున్నారు, కొన్ని ఇళ్లలో మనుషులకూ పూస్తారు. ఆర్గానో ఫాస్ఫరస్ మందులు చర్మం గుండానే ఒంట్లోకి దిగుతాయి. ప్రాణం పోతుంది. పాత ఇంజన్ ఆయిలూ విషమే. గొర్రెలకని తెచ్చిన ఐవర్‌మెక్టిన్ సూదిని అంచనా మీద కుక్కకు పొడవకండి. బరువును బట్టి మోతాదు ఉంటుంది, కొన్ని జాతులకు అసలు పడదు.

వీధి కుక్కను పట్టబోతే కరుస్తుంది, రేబిస్ భయం ఉండనే ఉంది. అన్నంలో కలిపి పెట్టే మందులున్నాయి, పశువుల డాక్టరును అడగండి. చంపడం చట్టరీత్యా నేరం, పైగా ఆ జాగాలోకి ఇంకోటి వస్తుంది.

కుక్క పడుకున్న గోనెలు కాల్చేయండి. మీ దుప్పట్లు మరిగే నీళ్లలో ఉడికించి ఎండలో వేయండి. ఉతకలేనివి కవరులో మూతికట్టి వారం పక్కన పెట్టండి. బర్రె దూడలకూ గజ్జి వస్తుంది, కొట్టంలో ఓ కన్నేసి ఉంచండి.