ఎన్‌ఎంఎంఎస్ పరీక్షలో పోలిక ప్రశ్నలు - సాధించే విధానం

సూర్యాపేట: 8వ తరగతి తర్వాత పేద విద్యార్థులు చదువు మానకుండా చూసేందుకు కేంద్రం 2008లో జాతీయ ప్రతిభా ఉపకార వేతన (ఎన్‌ఎంఎంఎస్) పథకాన్ని ప్రారంభించింది. ఎంపికైన వారికి 9 నుంచి 12వ తరగతి వరకు ఏటా రూ.12,000 లభిస్తుంది. మానసిక సామర్థ్య విభాగంలోని 90 ప్రశ్నలలో పోలిక ప్రశ్నలు కూడా ఉంటాయి.

మిర్యాలగూడ, కోదాడ విద్యార్థులకు సుపరిచితమైన ఉదాహరణ: 'వడ్లు : బియ్యం :: కందులు : ?' సమాధానాలు - చేను, పప్పు, బస్తా. ముందుగా తొలి జత సంబంధాన్ని వాక్యంగా చెప్పుకోవాలి: మిల్లులో వడ్ల పొట్టు తీస్తే బియ్యం వస్తాయి. అదే వాక్యంలో కందులను ఉంచితే పప్పు తేలుతుంది. కందులు చేనులో పండుతాయి, బస్తాలో నిల్వ ఉంటాయి. అవి నిజాలే అయినా తొలి జతలోని సంబంధం కాదు. జత క్రమం తిరగబడితే వాక్యాన్ని కూడా తిప్పి చదవాలి.