దుఃఖమూ పదనూ

కదిరికి ఇంచుమించు 25 కిలోమీటర్ల దూరమున, గూటిబయలు గ్రామసమీపమున, సుమారు 5 ఎకరముల నేలను ఊడలతో ఆక్రమించి నిలిచియున్న తిమ్మమ్మ మఱ్ఱిమాను 1989లో గిన్నిస్ గ్రంథమున కెక్కి లోకప్రసిద్ధమైనదే గాని, దాని పుట్టుకకు మూలముగ చెప్పుకొను కథ ఒక రోగిశయ్యకు సంబంధించినదని చూడవచ్చినవారిలో ఎందఱు తలపోయుదురో! వ్యాధిగ్రస్తుడైన భర్త బాలవీరయ్యకు సేవచేసి చేసి, ఆతడు కన్నుమూయగా 1434లో తిమ్మమ్మ అదే చితి నెక్కినదనియు, ఆ చితికై పాతిన గుంజలలో నొకటి చిగిర్చి ఈ వృక్షమైనదనియు స్థలపురాణము. చెట్టునకు మ్రొక్కుదము, తప్పులేదు; కాని చితినెక్కుట వియోగమును భరించుట కాదు, భరింపలేకపోవుట. మగనిని సాగనంపి మరునాడు బ్రతుకవలసివచ్చిన స్త్రీల పేర ఈ గడ్డపై ఏ మానును లేదు.

దీర్ఘవ్యాధితో మనిషి పోయిన యింట నడవలో, మేకునకు ఒక ప్లాస్టిక్ సంచి వ్రేలాడుచుండును. అందు సగము వాడిన మాత్రల అట్టలు, స్కానింగు కాగితములు, అనంతపురము బస్సు టికెట్లు. పెద్దదినము ముగిసి, చుట్టములు కదలిపోయి, అప్పులవాండ్రు గడపలో అడుగుపెట్టిన పిదపకూడ దానిని దింపుటకు ఎవరికిని చేయి రాదు. “పోయినవాళ్లతో మనమూ పోతామామ్మా, ఒక ముద్ద తిను” అని పొరుగింటి పెద్దామె చెప్పు మాట మొదట ములుకువలె నాటును. ఏటికి 550 మిల్లీమీటర్ల వాన పడుటయే భాగ్యమైన మెట్టసీమలో జూన్, జూలై నెలల పదను ఎవరి దుఃఖము కొఱకును ఆగదు గనుక, ఆ యింటి ఇల్లాలు విత్తనపు వేరుశనగ బుడ్డలు ఒలుచుటకు కూర్చుండును. ఒలుచుచు ఏడ్చును, ఏడ్చుచు ఒలుచును.

1969లో ఎలిజబెత్ కూబ్లర్-రాస్ అను వైద్యురాలు నిరాకరణము మొదలు అంగీకారము వఱకు ఐదు దశలను వర్ణించెను. మరణాసన్నులైన రోగులతో మాటలాడి ఆమె వ్రాసినదానిని, లోకము బ్రతికియున్న ఆప్తులు ఎక్కవలసిన మెట్లుగా భావించినది. 1999లో స్ట్రోబ్, షుట్ అను మానసిక శాస్త్రజ్ఞులు చెప్పినది నాకు మా పల్లెలకు దగ్గరగా తోచును: దుఃఖితుడు ఒక పూట పోయినవారివైపునకును, ఒక పూట బ్రతుకుపనివైపునకును తిరుగుచుండునట, ఈ రాకపోకలే ఆరోగ్యమట. బుడ్డలు ఒలుచు ఆమెకు ఈ సిద్ధాంతము ఎవరు చెప్పిరి?

ఆ 1969లోనే అనంతపురమునకు వచ్చిన విన్సెంట్ ఫెర్రర్, కొన్ని నెలల అస్వస్థత పిమ్మట 2009 జూన్ 19న, సరిగా విత్తు అదనులోనే, 89వ ఏట గతించెను; బత్తలపల్లిలో సమాధిచేసిరి. భార్య ఆన్ ఫెర్రర్ పుట్టినదేశమునకు మరలిపోక, ఇరువురు కలిసి పెంచిన గ్రామీణాభివృద్ధి సంస్థ పనిలోనే నిలిచినది. ఆమె అంతరంగము ఆమెది. కనబడినంతవఱకు, ఆసుపత్రులు, బడులు నడచినవి.

అయినను అందఱికి పని మందు కాదు. ఆరు నెలలు దాటినను నిత్యకృత్యములు సాగక, పోయినవారి తలపు తప్ప వేఱొకటి పట్టనిచో దానిని చికిత్స చేయదగిన స్థితిగా ప్రపంచ ఆరోగ్యసంస్థ 2022లో అమలునకు వచ్చిన వ్యాధుల పట్టికలో చేర్చినది. మనసు డాక్టరనగానే “పిచ్చి పట్టిందంటారు” అని వెనుదీయు కుటుంబములు మా వైపు ఇంకను కలవు. అట్టివారింటికి, ముద్ద తినుమని బుజ్జగించిన ఆ పెద్దామెయే తోడు వచ్చి బస్సెక్కించుట మేలు.