అన్నభేదికి లొంగే ఆసిడ్

మా కర్లపాలెం చుట్టుపక్కల రైతుల దగ్గర భూసార పరీక్ష కార్డులు ఉన్నాయి. 2015లో దేశమంతటా మొదలైన పథకం అది. కార్డు చేతికి రాగానే అందరి కళ్లూ నత్రజని, భాస్వరం, పొటాష్ మీదికి పోతాయి. నేను ముందు సేంద్రియ కర్బనం గడి చూస్తాను. భూసార పరీక్షల ల్యాబులో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఆ గడిలో వేసే అంకె కోసం ఉద్యోగమంతా క్రోమిక్ ఆసిడ్‌తోనే గడిపాను.

"ఈ కర్బనం ఎట్టా కనుక్కుంటారండీ, కాల్చి చూస్తారా?" అని ఒకాయన అడిగాడు. కాల్చడమేనండీ, కాకపోతే నిప్పు లేకుండా.

1934లో వాక్లీ, బ్లాక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రచురించిన పద్ధతి ఇది. ఆరబెట్టి జల్లించిన మట్టి ఒక గ్రాము కోనికల్ ఫ్లాస్కులో వేస్తాం. నారింజ రంగు పొటాషియం డైక్రోమేట్ ద్రావణం 10 మిల్లీలీటర్లు పోసి, దాని మీద గాఢ సల్ఫ్యూరిక్ ఆసిడ్ 20 మిల్లీలీటర్లు పోస్తాం. అవి రెండూ కలిసిన క్షణంలో క్రోమిక్ ఆసిడ్ పుడుతుంది. ఫ్లాస్కు ఒక్కసారిగా వేడెక్కిపోతుంది, అడుగున చెయ్యి పెట్టలేం. అరగంట కదపకుండా ఉంచితే మట్టిలోని ఆకుకుళ్లు, పేడ, వేళ్ల తాలూకు కర్బనం ఆ ఆసిడ్‌కీ వేడికీ మాడిపోతుంది. తర్వాత నీళ్లు, ఫాస్ఫారిక్ ఆసిడ్, డైఫినైలమైన్ చుక్కలు వేసి, ఖర్చవకుండా మిగిలిన డైక్రోమేట్ ఎంతో తేల్చడానికి బ్యూరెట్ నుంచి ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్ వదులుతాం. ముదురు ఊదా నీలంగా మారి, చివరికి ఒకే ఒక్క చుక్కతో మెరిసే ఆకుపచ్చ అవుతుంది. ఆ చుక్క దగ్గర చెయ్యి ఆగాలి. ఇంకో చుక్క పడిందంటే రైతుకి తప్పుడు లెక్క పోతుంది.

ఒక మిల్లీలీటరు డైక్రోమేట్ ఖర్చయితే మట్టిలో మూడు మిల్లీగ్రాముల కర్బనం ఉన్నట్టు. ఈ పద్ధతిలో కర్బనం అంతా మాడదు, సుమారు 77 శాతమే మాడుతుంది. అందుకే లెక్కని 1.3తో హెచ్చిస్తాం. ఫలితం అర శాతం లోపు వస్తే తక్కువ, ముప్పావు శాతం దాటితే ఎక్కువ. మన సముద్రపు ఒడ్డు ఇసుక నేలలు తక్కువలోకే వస్తాయి. చౌడు మట్టితో ఇంకో చిక్కు ఉంది. ఉప్పులోని క్లోరైడు కూడా డైక్రోమేట్‌ని తినేస్తుంది కాబట్టి లేని కర్బనం ఉన్నట్టు చూపిస్తుంది. ఉప్పు నేల అని తెలిస్తే సిల్వర్ సల్ఫేట్ కలిపి చెయ్యాల్సిందే. ఖరీదని మానేస్తే ఆ కార్డుకి విలువ లేదు.

ఈ ఆసిడ్ అసలు రూపం ముదురు ఎరుపు పెళ్లలు, క్రోమియం ట్రైఆక్సైడ్. గాలిలో చెమ్మ పీల్చి తడిసిపోతుంది, నీళ్లలో ఇట్టే కరుగుతుంది. ఆక్సిజన్‌ని ఎదుటిదానికి అంటగట్టడంలో దీనికి సాటి వచ్చేవి తక్కువ. స్పిరిట్, అసిటోన్ తగిలితే అగ్గిపుల్ల అక్కర్లేకుండానే మంట లేస్తుంది. అందుకే స్పిరిట్ సీసా ఉన్న బీరువాలో దీన్ని పెట్టకూడదు. బైకుల భాగాల మీద, కొళాయిల మీద తళతళలాడే క్రోమ్ పూత దీనితోనే వేస్తారు. ప్లేటింగ్ తొట్టిలో లీటరుకి పావు కిలో దాకా కలుపుతారు. కరెంటు పెట్టినప్పుడు లేచే హైడ్రోజన్ బుడగలు ఆసిడ్‌ని తుంపరగా గాలిలోకి తెస్తాయి. ఆ గాలి పీల్చిన కార్మికులకి ముక్కు దూలానికి చిల్లు పడుతుంది, నొప్పి కూడా తెలియదు. చేతుల మీద ఓ పట్టాన మానని గుంట పుళ్లు పడతాయి. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల కేన్సర్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ విభాగం తేల్చి, ఈ రకం క్రోమియాన్ని మొదటి తరగతి కేన్సర్ కారకాల్లో చేర్చింది. ఒంటి మీద ఎక్కువగా పడితే కాలిన గాయంతో పోదు, రక్తంలో కలిసి మూత్రపిండాలని దెబ్బతీస్తుంది. పడిన వెంటనే బట్టలు తీసేసి, కనీసం పావుగంట ధారగా నీళ్లు పోసి, ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇదంతా ఆరు వేలెన్సీ ఉన్న క్రోమియం గుణం. అదే క్రోమియం మూడు వేలెన్సీకి దిగితే విషం చాలా తగ్గుతుంది, రంగు ఆకుపచ్చ అవుతుంది. టైట్రేషన్ అయిపోయిన ఫ్లాస్కులో ఉండేది అదే. భయమంతా మిగిలిపోయిన డైక్రోమేట్ సీసాలతోనూ, గాజు సామాను కడగడానికి కాలేజీ ల్యాబుల్లో కలిపి పెట్టుకునే క్రోమిక్ ఆసిడ్‌తోనూ. మంచి డిటర్జెంటుతో పోయే మురికికి ఇంత విషం ఎందుకని నేను ఎప్పుడూ వాదిస్తూనే ఉన్నాను.

ఆ ఆసిడ్‌ని సింకులో పోస్తే ఏమవుతుంది? నల్లరేగడిలో అయితే సేంద్రియ పదార్థం కొంతైనా దాన్ని పట్టి, మూడు వేలెన్సీకి దించుతుంది. ఫ్లాస్కులో జరిగిందే భూమిలోనూ జరుగుతుంది. మన ఇసుకలో ఆ కర్బనమే లేదు. ఆసిడ్ ఆగకుండా నీటిలోకి దిగిపోతుంది. ఈ ఇసుక పర్రల్లో ఉప్పునీటి మీద పలచగా తేలే మంచినీరే దొరువుల్లో ఊరేది. బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన కేంద్రం దొరువుల్ని మెరుగుపరిచింది కూడా ఆ పై పొర నీటిని జాగ్రత్తగా తోడుకోవడానికే. తాగేనీటిలో మొత్తం క్రోమియం లీటరుకి 0.05 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. తమిళనాడు రాణిపేటలో ఒక క్రోమేట్ ఫ్యాక్టరీ మూతపడ్డాక కూడా, అది వదిలేసిన లక్షల టన్నుల వ్యర్థం భూగర్భ జలాన్ని పసుపు చేసింది.

విరుగుడు మన వేరుశనగ రైతుల ఇళ్లలోనే ఉంది. ఆకు పసుపు పచ్చగా పాలిపోతే నిమ్మ ఉప్పుతో కలిపి పిచికారీ చేసే అన్నభేది. అందులోని ఇనుము ఆరు వేలెన్సీ క్రోమియాన్ని మూడుకి దించేస్తుంది. ల్యాబులో మిగిలిన ఆసిడ్‌ని నెమ్మదిగా నీళ్లలోకి పోసి పలచన చెయ్యాలి, నీళ్లని ఆసిడ్‌లోకి కాదు. నారింజ రంగు పూర్తిగా పోయేదాకా అన్నభేది కలపాలి. తర్వాత సున్నం కొద్దికొద్దిగా వేస్తే మడ్డి అడుక్కి దిగుతుంది. ఆ మడ్డిని ఎండబెట్టి, డబ్బాలో భద్రపరిచి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి పంపాలి.

బాపట్ల, రేపల్లె, తెనాలి కాలేజీల్లో కెమిస్ట్రీ చదివే పిల్లలకి నాదొక్కటే మాట. ప్రాక్టికల్స్ అయ్యాక ఆ నారింజ ద్రావణం ఎక్కడికి పోతోందో మీ మేష్టార్ని అడగండి. "సింకులోకి" అని జవాబు వస్తే, ఒక ప్లాస్టిక్ క్యాను, కిలో అన్నభేది కొనిపించండి.